విరగని గేరుబాక్సు కట్టిన వెర్లిన్

మా ఊళ్ళో మనుషుల్ని రెండు రకాలుగా చెప్పుకునేవాళ్ళం. గేర్లు కట్టేవాళ్ళు, గేర్లు విరగ్గొట్టేవాళ్ళు. వెర్లిన్ ప్రూయిట్ మొదటి రకం. రెండో రకాన్ని పెళ్ళి చేసుకున్నాడు.

మా కోల్టన్ ఇండియానా రాష్ట్రంలో మొక్కజొన్న చేలకీ రైలు కట్టకీ నడుమ ఇరుక్కున్న ఊరు. తూర్పు కొసన గేరుబాక్సుల ఫ్యాక్టరీ ఉండేది. అరవైల్లో పెద్ద పెద్ద ఇంజన్లు పెట్టి, దున్నపోతుల్లాంటి బళ్ళు తయారుచేసి కుర్రకారుకి అమ్మేవాళ్ళు కదా, వాటిలో చాలా బళ్ళకి చేత్తో మార్చే నాలుగు గేర్ల పెట్టె మా ఊరి నుంచే వెళ్ళేది. టెనెస్సీ కొండల్లోంచి పని వెతుక్కుంటూ దిగివచ్చిన కుటుంబాలే ఊళ్ళో సగం. వెర్లిన్ వాళ్ళదీ అలాంటి కుటుంబమే. బక్కపలచని మనిషి, మాట తక్కువ, పట్టుదల మాత్రం ఊరికంతటికీ సరిపోయేంత. గేర్ల పళ్ళు కోసే మరమీద పని చేసేవాడు.

నేనూ, అతని భార్య ఒనీటా చప్పుడు గదిలో పనిచేసేవాళ్ళం. చుట్టూ మెత్త పరిచిన చిన్న గది అది. పళ్ళ చక్రాల్ని జంటలుగా మర మీద తిప్పి, చెవితో విని, మంచిదో చెడ్డదో చెప్పడం మా ఉద్యోగం. గుసగుసలాడితే పెట్టెలోకి, కూత పెడితే బయట తొట్టిలోకి. అయితే కూత పెట్టే గేరు చెడ్డదని కాదు. పళ్ళు బాగా ఏటవాలుగా కోస్తే చప్పుడుండదు గానీ, బరువు పడినప్పుడు చక్రాలు ఒకదాన్నొకటి పక్కకి నెట్టుకుంటాయి. నిటారుగా కోస్తే ఊళపెడతాయి, కానీ పట్టు వదలవు. కొనే మారాజులకి చెవులు నొప్పి పుట్టకూడదు కాబట్టి, ఊళ్ళో తయారైన గట్టి గేర్లలో చాలావరకు మా తొట్టిలోనే పడేవి.

వాటిని వెర్లిన్ అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. అతనొక్కడే కాదు, అందరూ చేసేదే. గేటు దగ్గర కాపలావాడు డబ్బా చేత్తో ఎత్తి చూసి, ఇవాళ మీ ఆవిడ ఏం వండిందయ్యా ఇంత బరువుంది అని అడిగేవాడు. బీన్స్ అనేవాడు వెర్లిన్. మీ ఆవిడ బీన్స్ కొంచెం ఉడకనిస్తే బాగుంటుందని చెప్పి పంపేసేవాడు కాపలావాడు.

ఆ గేర్లన్నీ ఒనీటా కోసమే. ఊరవతల పావు మైలు తిన్నటి దారి ఒకటుండేది, ఆదివారం చర్చి అయ్యాక రెండేసి బళ్ళకి అక్కడ పందెం పెట్టేవాళ్ళు. వెర్లిన్ బండి కడితే ఒనీటా నడిపేది. ఇందులో వింతేమీ లేదు, అతను నడిపితే ఓడిపోయేవాడు, ఆమె నడిపితే గెలిచేది, అంతే. గేరు మార్చేటప్పుడు ఎవరైనా కుడికాలు కాస్త సడలించి, ఇంజనుకి ఊపిరి ఇచ్చి మారుస్తారు. ఒనీటాకి ఆ అలవాటు లేదు. కుడికాలు నేలకి అదిమే ఉంచి, ఎడమకాలితో క్లచ్ మీద ఒక్క తన్ను తన్ని, చేత్తో గేరు లాగిపారేసేది. బండి ముక్కు పైకి లేచేది. ఆమె మొహంలో అప్పుడు కనబడే ఆనందం నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

అలా నడిపితే ఏ పెట్టె ఆగుతుంది? మొదట పళ్ళు రాలాయి. వెర్లిన్ మూత విప్పి చూస్తే నూనెలో ఇత్తడి రజను బంగారంలా తేలుతుండేది. వెడల్పు పళ్ళ గేర్లు వేశాడు. అల్యూమినియం పెట్టే పగిలింది. పోతపోసిన ఇనప పెట్టె తెచ్చాడు. లోపలి షాఫ్టు మెలితిరిగింది. లావు షాఫ్టు వేశాడు. చర్చి మెట్ల మీద పాస్టరుగారు కూడా, ఈ వారం ఒనీటా ఏం విరగ్గొట్టిందని అడిగేవారు.

ఒక ఆదివారం గేరుబాక్సు విరగలేదు, దాని బదులు వెనక ఇరుసు పుటుక్కున తెగింది. ఆ రోజు వెర్లిన్ సంతోషం చూడాలి. తెగిన ఇరుసు భుజాన వేసుకుని, అందరికీ చూపిస్తూ తిరిగాడు. తన పెట్టె గెలిచిందన్నమాట. మేమూ చప్పట్లు కొట్టాం. తరవాత ఇరుసు గట్టిది వేశాడు, ఇరుసుకీ పెట్టెకీ నడుమ ఉండే పొడుగు గొట్టం గట్టిది వేశాడు. విరిగే చోటు అలా ఒక్కొక్క అడుగే జరుగుతూ వచ్చింది. బండి వెనకభాగంలో ఇక విరగడానికి ఏమీ మిగలకుండా చేశాడు. ఇప్పుడిక మిగిలింది ముందుభాగం. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య తిరిగే బరువైన ఇనప చక్రం, దాన్ని పట్టుకుని ఉండే క్లచ్. నడిపేవాళ్ళ పాదాలకి జానెడు దూరంలో ఉంటుందది.

చక్రం పగిలితే ముక్కలు బయటికి రాకుండా దానిమీద ఉక్కు తొడుగు వెయ్యాలని పందెం నిర్వాహకులు రూలు పెట్టారు. అది అందరికీ దొరికే వస్తువు కాదు. మా వీధిలో మూడిళ్ళకి కలిపి ఒక్కటే ఉండేది. ఏ వారం ఎవరు పందెంలో ఉంటే వాళ్ళు బిగించుకుని, అయ్యాక విప్పి పక్కింటికి ఇచ్చేవాళ్ళు, కేకు చేసుకునే గిన్నె ఇచ్చిపుచ్చుకున్నట్టు. ఆ వారం అది లవెట్ వాళ్ళింట్లో ఉంది.

డెబ్భై ఒకటి ఆగస్టు, శనివారం మధ్యాహ్నం. వెర్లిన్ కొత్తగా కట్టిన పెట్టె మూత అప్పుడే బిగించాడు. ఎలా కూస్తోందో విందామని మనసు ఆగలేదు. పందెం కాదు కదా, మెథడిస్టు చర్చిదాకా వెళ్ళి వెనక్కి రావడమేగా అన్నాడు. ఒనీటా చేతులు తుడుచుకుని వచ్చి ఎక్కింది. మా ఆయన క్లాయిడ్, నేను, వెర్లిన్ ముగ్గురం చేను గట్టు మీద నిలబడ్డాం. బండి కూత పెడుతూ వెళ్ళింది. మొదటి గేరు, రెండో గేరు. మూడోది లాగిందో లేదో, గేర్ల కూత ఆగిపోయి ఇంజను ఒక్కటే ఒంటరిగా అరిచింది. ఆ వెంటనే చప్పుడు. చప్పుళ్ళు వినడమే నా వృత్తి అయినా అది ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

చక్రం ముక్క ఒకటి బండి మూత చీల్చుకుని పైకి లేచింది. ఒకటి చేలో ఎక్కడో పడింది. ఒకటి బండి అడుగు రేకులోంచి లోపలికి వచ్చింది. క్లాయిడ్ తన బెల్టు ఊడదీసి ఆమె కాలు బిగించి కట్టాడు కాబట్టి మనిషి బతికింది. పాదం మాత్రం చీలమండ పైదాకా పోయింది. ఎడమ పాదం.

బండిని లాక్కుపోవడానికి వచ్చినవాడు కింద దూరి చూసి లేచాడు. పాపం, ఓదార్పుగా చెబుదామనుకున్నట్టున్నాడు, గేరుబాక్సు మాత్రం చెక్కు చెదరలేదండీ అన్నాడు. వెర్లిన్ తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని నేను చాలా ఏళ్ళు క్షమించలేకపోయాను.

ఒనీటా ఏడ్చి కూర్చునే మనిషి కాదు. కూర్చుని చేసే పనే కాబట్టి ఏడాది తిరగకుండా చప్పుడు గదికి వచ్చేసింది. ఇంకో ఏడాదికి, మా వంటింట్లో నలుగురం పేకాడుకుంటుండగా ముక్కలు బల్లమీద బోర్లించి అడిగింది.

"ఆటోమేటిక్ పెట్టు వెర్లిన్. దానికి కుడికాలొకటి చాలు. అది నాకుంది."

"ఏ బండిలో?"

"మన బండిలో. నేనింకా నడపాలి. అయిపోలేదు నాకు."

వెర్లిన్ ముక్కలు సర్దుకుంటూ, "దానికన్నా ఆ ఇంజను మీద సిమెంటు పోసి అరుగు కట్టుకుంటా," అన్నాడు.

ఇతర ఊళ్ళవాళ్ళకి ఇది రాక్షసత్వంగా కనిపిస్తుంది. మాకు అలా కాదు, అదే మా ఖర్మ. తనంతట తనే గేరు మార్చుకునే పెట్టె ఇంకో ఊళ్ళో తయారవుతుంది. దేశంలో ఎవడు ఆటోమేటిక్ కొన్నా మా ఫ్యాక్టరీలో ఒక పెట్టె తగ్గినట్టే. ఆటోమేటిక్ నడిపేవాడు మా పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాడని యూనియన్ హాల్లో బాహాటంగా అనేవాళ్ళు. అలాంటి ఊళ్ళో అందరికన్నా గట్టి పెట్టె కట్టిన మనిషి, దాన్ని తన చేత్తో విప్పి ఆటోమేటిక్ పెట్టాలి. ఊరంతా నవ్వుతుందని భయపడ్డాడు. నవ్వేవాళ్ళే, అందులో అబద్ధం లేదు. నవ్వితే పోయేదేముందని నాకు అనిపించేది, కానీ నేనూ ఆ రోజు ఆ మాట పైకి అనలేదు.

ఆ ఒక్కటి తప్ప ఆమె కోసం అన్నీ చేశాడు. క్లచ్‌ని చేత్తో లాగే మీట తయారుచేశాడు. ఒక చెయ్యి స్టీరింగుకి, ఒక చెయ్యి గేరుకి, మూడో చెయ్యి మీటకి కావాలి. తరవాత కర్రతో పాదం చెక్కి, మడమలో స్ప్రింగు పెట్టాడు. ఒనీటా అది తొడుక్కుని పెరట్లో ఒకసారి బండి కదిపింది, రెండుసార్లు ఇంజను ఆగిపోయింది, దిగి లోపలికి వెళ్ళిపోయింది. మరుసటి వేసవిలో పందెం కంచె దగ్గర నిలబడి ఇంకోసారి అడిగింది. కళ్ళెదురుగా ఆటోమేటిక్ బళ్ళు గెలుస్తున్నాయి అప్పటికి. వెర్లిన్ వేరేవైపు చూశాడు. ఆ తరవాత ఆమె మళ్ళీ అడగలేదు. అడగడం మానేసిన ఆడదాన్ని చూసి అంతా సర్దుకుందని మగవాళ్ళు అనుకుంటారు.

సరుకులకీ, ఆస్పత్రికీ తిరగడానికి ఒనీటా తన జీతంతో ఒక గోధుమరంగు ఆటోమేటిక్ బండి కొనుక్కుంది. దాన్ని ఇంటిముందు పెట్టనివ్వలేదు వెర్లిన్, పక్కసందులో పెట్టించాడు. తను పాత ట్రక్కు ఉంచుకున్నాడు, దానికి గేర్లు చేత్తో మార్చుకోవాలి. పందెం బండి గ్యారేజీలోనే ఉంది. అడుగు రేకు అతుకు వేశాడు, కొత్త చక్రం, కొత్త క్లచ్, సొంతానికి ఒక ఉక్కు తొడుగు, అన్నీ వేశాడు. వేసి ఎవరిచేతా నడిపించలేదు. అప్పుడప్పుడూ ఒహాయో నుంచో, ఇంకెక్కడి నుంచో పాత బళ్ళ పిచ్చివాళ్ళు వచ్చి, విరగని గేరుబాక్సు ఇక్కడుందట కదా అని అడిగేవాళ్ళు. వెర్లిన్ వెనక చక్రాలు గాల్లోకి లేపి ఇంజను ఆడించేవాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని ఆ కూత వినేవాళ్ళు. ఇంట్లో ఒనీటా టీవీ గొంతు పెంచేది.

ఫ్యాక్టరీ కొద్దికొద్దిగా పోయింది. మొదట రాత్రి పని తీసేశారు, తరవాత మా గది తీసేశారు, మర వచ్చి వినడం మొదలెట్టింది. చివరికి గేటుకి తాళం వేశారు. తాళం వేసిన నెలలోనే యూనియన్ అధ్యక్షుడు ఆటోమేటిక్ కొన్నాడు. ఆ సంగతి చెబితే వెర్లిన్ కంచె మీద చెయ్యి వేసి చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. ఎవరికి భయపడి ఆమె మాట కాదన్నాడో వాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

ఇంతలో మా క్లాయిడ్ పోయాడు. నాకు పొద్దున్నే ఒనీటా ఇంటికి వెళ్ళి కాఫీ తాగడం అలవాటైంది. ఆమెకి చక్కెర జబ్బు చాలా ఏళ్ళుగా ఉంది. అది కళ్ళలోకి దిగింది. ఎదురుగా చూసేది మసకబారి, అంచుల్లో మాత్రం వెలుగు కనిపించేది. పేపరు నేను చదివి వినిపించేదాన్ని, చావుకబుర్ల పేజీతో సహా. ఇల్లు ఆమెకి కంఠతా వచ్చు కాబట్టి వంట ఆగలేదు, గిన్నె జారలేదు. సందులో ఉన్న ఆటోమేటిక్ బండిని మాత్రం ఆపేసింది. ఏమని అడిగితే విసుగొచ్చింది, ఓపిక లేదు అనేది. నన్ను వెంటబెట్టుకుని దుకాణాలకి వచ్చేది. వెర్లిన్‌కి ఇదేమీ తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ తెలియదా అంటే, గ్యారేజీలో ఉండే మనిషికి ఇల్లు ఎంత దూరమో మీరే ఊహించుకోండి.

ఒకరోజు కంచె దగ్గర నన్ను ఆపాడు.

"ఒనీటా బండి తియ్యట్లేదు, గమనించావా?" అన్నాడు.

గమనించానన్నాను.

"దానికి నడపడం మీదే మనసు చచ్చిపోయింది ఆర్డిత్. చంపింది నేనే. ఆటోమేటిక్ పెడతాను. అది అడిగిందే పెడతాను. ఆ బండి చేతికిస్తే మళ్ళీ నడుపుతుంది."

 తిన్నగా ఒనీటా దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె బఠాణీలు ఒలుస్తోంది. చేతులు ఆగాయి. మొహంలో ఏదో వచ్చిపోయింది, అది సంతోషమో దుఃఖమో నేను చెప్పలేను.

"ఇవాళే చెప్పెయ్యి నీ కళ్ళ సంగతి," అన్నాను.

"చెప్పను. నువ్వూ చెప్పకు. చెప్పావంటే నీ గుమ్మం తొక్కను."

"తొక్కడానికి నా గుమ్మం ఎక్కడుందో నీకు కనపడాలిగా," అన్నాను మండిపోయి.

ఆమె గిన్నె పక్కన పెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు అయ్యాక మెల్లిగా అంది, "చెబితే ఇది వదిలేసి రేపే నాకు కళ్ళు తయారుచెయ్యడానికి కూర్చుంటాడే. స్ప్రింగులు పెట్టి. ఇన్నేళ్ళూ నాకోసం ఏదో ఒకటి బిగిస్తూనే ఉన్నాడు. విప్పడం ఇదే మొదలు. విప్పనీ."

ఇది మంచి పని కాదని నాకు తెలుసు. ముసలివాణ్ణి ఆశపెట్టి పని చేయించడం ఏమిటనిపించింది. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య అంత పాత మాట అది. అందులో వేలు పెట్టడానికి నేనెవరిని? నోరు మూసుకున్నాను.

వెర్లిన్ చలికాలమంతా ఆ బండి కిందే పడుకున్నాడు. అరవై ఆరేళ్ళు, వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు పోయాయి. సాయం వస్తామని లవెట్ల కొడుకులు అంటే వద్దన్నాడు. ఇనప పెట్టె తన ఛాతీ మీదికే దింపుకున్నాడు, ఎలా బతికాడో తెలియదు. అది బయటికి వచ్చిన రోజు నన్ను పిలిచాడు. బల్లమీద మూత తీసి పెట్టి ఉంది. పళ్ళన్నీ తళతళలాడుతున్నాయి, ఒక్కటి పెచ్చు లేవలేదు. అవి నేను ఏనాడో కూత పెడుతున్నాయని తొట్టిలో వేసినవే. ఎంత బాగున్నాయని నేను అనబోయాను, కానీ అతని మొహం చూసి ఆగాను.

"ఇది విరిగుంటే," అన్నాడు వెర్లిన్, "దాని కాలు దానికుండేది."

అది అతను పైకి అనగా వినడం అదే మొదటిసారి. నూనెగుడ్డ తీసుకుని ఆ పళ్ళు ఒక్కొక్కటీ తుడవడం మొదలెట్టాడు. తుడవడానికి వాటిమీద ఏమీ లేదు. నేను ఇంటికి వచ్చి ఏడ్చాను. తుక్కుబళ్ళ యార్డు నుంచి ఒక ఆటోమేటిక్ పెట్టె తెచ్చి, దాన్ని ఆ బండికి అమర్చడానికి అతనికి ఇంకా చాలా వారాలు పట్టింది. ఆ పెట్టెతో అతనికి పరిచయం లేదు, పుస్తకం పక్కన పెట్టుకుని బిగించాడు. జీవితమంతా తిట్టిన వస్తువు ముందు విద్యార్థిలా కూర్చున్నాడు.

ఏప్రిల్లో మంచు పూర్తిగా కరిగిన ఒక ఆదివారం, చర్చి అయ్యాక, బండిని ఇంటి ముందుకి తెచ్చి రోడ్డు వైపు ముక్కు పెట్టి నిలబెట్టాడు. కడిగి తుడిచాడు. క్లచ్ పెడలు ఉండే చోట చిన్న తివాచీ ముక్క కోసి పరిచాడు. ఒనీటా నా చెయ్యి పట్టుకుని వచ్చింది. ముసలివాళ్ళం కదా, చేతులు పట్టుకుని నడిస్తే ఎవరికీ అనుమానం రాదు. తడుముకోకుండా ఎక్కి కూర్చుంది. నేను వెనకసీట్లో, వెర్లిన్ పక్కసీట్లో ఎక్కాం. ఇంజను స్టార్టు చేసింది. ఆ గడగడకి నా పక్కటెముకలు కదిలాయి. స్టీరింగు మీద ఆమె వేళ్ళు చూసి, చెప్పకుండా ఉండడమే మంచిదైందేమోనని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

బండి నెమ్మదిగా కదిలింది. ఉత్తరాల డబ్బాకి చాలా ముందే ఆగిపోయింది.

"రోడ్డు ఖాళీగానే ఉంది, పోనీ," అన్నాడు వెర్లిన్.

"రోడ్డు ఎక్కడుందో నాకు కనపడట్లేదు వెర్లిన్."

అతను నవ్వబోయి ఆగాడు. "ఎప్పట్నుంచి?"

"ముందటేడు నుంచి."

వెర్లిన్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. అతను తిడితే బాగుండేది, అన్నిటికీ తిట్టు పడేదాన్ని.  తను పరిచిన ఆ తివాచీ ముక్క వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంజను ఊరికే ఆడుతోంది.

కాసేపటికి ఒనీటాయే తలుపు తీసింది. చోటు మారదాం, నువ్వు నడుపు, నాకు వినాలనుంది అంది. నేను దిగి ఆమెని చుట్టూ తిప్పి అటుపక్క కూర్చోబెట్టి, మళ్ళీ వెనకసీట్లోకి ఎక్కాను. వెర్లిన్ స్టీరింగు ముందుకి జరిగాడు. రోడ్డు మీద ఆటోమేటిక్ నడపడం అతని బతుకులో అదే మొదలు. చేల మధ్య దారిలోకి తిప్పాడు. ఇంకా విత్తనం వెయ్యలేదు, రెండువైపులా నల్లమట్టి తప్ప ఏమీ లేదు. పాత కూత లేదు, ఇంజను శబ్దం ఒక్కటే. వేగం పుంజుకుంది, గేరు మారాల్సిన క్షణం వచ్చింది, అతని ఎడమకాలు ఠప్పున తివాచీ మీద పడింది. గేరు దానంతట అదే మారిపోయింది. మళ్ళీ కాసేపటికి ఇంకోసారి ఠప్పుమంది. వెర్లిన్ పళ్ళు బిగించి ఏదో గొణుక్కున్నాడు.

"తొక్కావు కదూ?" అంది ఒనీటా.

"అలవాటు."

"నాదీ తొక్కింది."

"ఏది?"

"లేనిదే," అంది. "నీ ట్రక్కులో కూర్చున్నప్పుడల్లా అంతే. నువ్వు గేరు మార్చిన ప్రతిసారీ అదీ తొక్కుతుంది. నొప్పి కూడా వస్తుంది. ఆ రోజు నుంచీ ఒక్క గేరు వదల్లేదది."

వెర్లిన్ బండిని చేను పక్కకి దింపి ఆపాడు.  ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగాడు.

"నువ్వు అడగలేదుగా," అంది ఒనీటా. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

గాలి చల్లగా ఉందని నేనే అన్నాను, ఇంటికి పోదామని. తిరుగుదారిలో వెర్లిన్ ఎడమకాలిని సీటు కిందికి మడిచి పెట్టుకుని నడిపాడు. అయినా ప్రతి గేరుకీ ఆ మోకాలు కదలడం వెనకసీట్లోంచి నాకు కనబడుతూనే ఉంది.